పాపికొండల బోటు రేవు వదిలే ముందు నిర్వాహకులు చూసుకోవలసిన జాగ్రత్తలు

2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదున్న సమయంలో కచ్చులూరు వద్ద మునిగిన పర్యాటక బోటును అక్టోబరు 22న గాని బయటకు తీయలేకపోయారు. అందుచేత ముందుగా చూడవలసింది నదినే. ఎగువ నుంచి వస్తున్న వరద సంగతి తెలుసుకుని, బోట్ల రాకపోకలను చూసే కంట్రోల్ రూమ్ అనుమతి చేతికందిన తరువాతే టికెట్లు ఇవ్వాలి.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, బోటును తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్, బీమా, నడిపే సరంగుకు యోగ్యతా పత్రం ఉండాలి. వాటి గడువు తేదీలను యజమాని స్వయంగా చదవాలి.

లైఫ్ జాకెట్లను మూటగట్టి పైకప్పు కింద వేలాడదీస్తే లెక్కకు పనికొస్తాయేమో గాని ప్రాణానికి పనికిరావు. ఒక్కొక్కటీ చేతబట్టి, తెగిన పట్టీలు, విరిగిన బకిళ్లు, లోపల పొడిపొడిగా నలిగిన నురుగు ఉన్నవాటిని తీసివేసి, మిగిలినవాటిని రేవులోనే ప్రయాణికులకు తొడిగించి బకిల్ బిగించాలి. పిల్లలకు వారి కొలతవే ఇవ్వాలి. పెద్దల జాకెట్ వేస్తే అది పైకి తేలి, పిల్లవాడు కిందికి జారిపోతాడు.

సిబ్బందితో సహా తలలు లెక్కపెట్టి, పేర్ల జాబితా ఒకటి ఒడ్డున ఉంచాలి. మద్యం తాగిన సరంగుకు చుక్కాని ఇవ్వరాదు. కొండలు కనిపించగానే ఫొటోల కోసం అందరూ పై అంతస్తులో ఒకే పక్కకు చేరుతారు, బోటు ఒరుగుతుంది. కనుక వారిని అదుపు చేయడానికి పైన ఒక మనిషిని ముందే నియమించాలి.