ఎడారిని చదవడం – 4వ పాఠం: నీటి దారి పట్టుకోవడం

పోయిన పాఠంలో పాడుబడ్డ గోడల గీతల్ని ఉపగ్రహ చిత్రంలో ఎలా గుర్తుపట్టాలో చూశాం. ఆ అభ్యాసం చేసినవాళ్లలో ఎక్కువమంది ఒకే పొరపాటు చేస్తారు, మొదట్లో నేనూ చేశాను. మ్యాప్ తెరవగానే కోట ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడతాం. ఎడారిలో ముందు వెతకాల్సింది నీళ్లు. నీళ్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయో తెలిస్తే పొలాలు ఎక్కడుండాలి, ఊరు ఎక్కడుండాలి, చనిపోయినవాళ్లని ఎక్కడ పాతిపెట్టి ఉంటారు అన్నవి చాలావరకు వాటంతటవే బయటపడతాయి.

ఈసారి మన చోటు లిబియా నైరుతి మూల, ఫెజ్జాన్ ప్రాంతం. గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి జర్మా అని వెతకండి, దొరక్కపోతే 26.5 ఉత్తర అక్షాంశం, 13.1 తూర్పు రేఖాంశం దగ్గరికి వెళ్లండి. ఉత్తరాన ఉబారి ఇసుక సముద్రం, దక్షిణాన నల్లటి రాతి పీఠభూమి (దాని పేరు మెస్సాక్), ఆ రెండింటి మధ్య తూర్పు పడమరలుగా సాగే సన్నటి లోయ, దాని పొడవునా అక్కడక్కడా తెగిన దారంలా పచ్చదనం. ఈ లోయ పేరు వాది అల్ అజల్. వాన దాదాపు పడని చోటు. ఇక్కడే గరమాంతులు అనే జనం వెయ్యేళ్లకు పైగా బతికారు. వాళ్ల రాజధాని గరమా, ఇప్పటి జర్మా.

వీళ్ల గురించి బయటివాళ్లు రాసింది చదివితే ఒక బొమ్మ కళ్లముందుకొస్తుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వీళ్లు నాలుగు గుర్రాల రథాలెక్కి గుహల్లో ఉండేవాళ్లని వేటాడతారని రాశాడు. కార్నీలియస్ బాల్బస్ అనే రోమన్ సేనాని గరమా దాకా వెళ్లి గెలిచి, క్రీస్తుపూర్వం 19లో రోమ్‌లో విజయోత్సవం చేసుకున్నాడు. ఇవే చదివి ఆపేస్తే దోపిడీ చేసుకుంటూ తిరిగే గుర్రపు రౌతులే గుర్తుండిపోతారు. అయితే రథాల సంగతి రాసిన చోటే హెరొడోటస్ ఇంకో మాట కూడా అన్నాడు: వీళ్లు ఉప్పు నేల మీద మట్టి పోసి విత్తనాలు వేస్తారట. నన్ను అడిగితే ఆ ఒక్క వాక్యం రథాల కథంతటికన్నా విలువైనది, ఎందుకంటే దానికి సాక్ష్యం ఇప్పటికీ నేల మీద ఉంది, ఈ రోజు మనం చూడబోయేది అదే.

నేలకింద నుంచి పొలానికి నీళ్లు తెచ్చే సొరంగం అది, దాన్ని అక్కడ ఫొగ్గారా అంటారు. ఇరాన్‌లో ఖనాత్, ఒమన్‌లో ఫలజ్, మన దక్కన్‌లో కరేజ్. పనిచేసే పద్ధతి ఒకటే. కొండ అంచున, మెరక మీద, నీటి ఊట తగిలేదాకా లోతుగా ఒక బావి తవ్వుతారు, దాన్ని తల్లి బావి అనుకోండి. అక్కడి నుంచి పల్లం వైపు నేలకింద చాలా తక్కువ వాలుతో సొరంగం తవ్వుకుంటూ వస్తారు. నీరు పల్లమెరుగు కదా, మోట అక్కర్లేదు, ఎద్దులు అక్కర్లేదు, నీళ్లు వాటంతటవే నడిచి వచ్చి పొలం దగ్గర బయటపడతాయి. సొరంగం తవ్వేవాళ్లకి గాలి ఆడాలి, తవ్విన మట్టి పైకి లాగాలి, తర్వాత ఏటేటా పూడిక తియ్యాలి, అందుకని కొన్ని మీటర్లకొకటి చొప్పున నిలువు బావులు దింపుకుంటూ వస్తారు. పైకి లాగిన మట్టిని ఆ బావి చుట్టూనే గుండ్రంగా పోస్తారు, ఎప్పుడో ఒకసారి వచ్చే వరద లోపల పడకుండా అదే గట్టులా కాపాడుతుంది.

పై నుంచి చూస్తే ఇదంతా ఎలా కనిపిస్తుందంటే, పళ్లెంలో గారెలు వరుసగా పేర్చినట్టు. మధ్యలో చిల్లు, చుట్టూ ఉబ్బు, ఒకదాని పక్కన ఇంకొకటి, కిలోమీటర్ల పొడవునా. ఈ లోయలో ఇలాంటి వరుసలు సుమారు 600 ఉన్నాయని పురావస్తు సర్వేలు తేల్చాయి. మెస్సాక్ అంచున మొదలై ఉత్తరంగా, లోయ మధ్యలోని పచ్చదనం వైపు దిగుతాయి.

ఇప్పుడు అసలు పని. జర్మాకి దక్షిణంగా, కొండ పాదానికీ పచ్చదనానికీ మధ్య ఉన్న బోసి నేల మీద జూమ్ చెయ్యండి. తెరమీద 500 మీటర్ల వెడల్పు కనిపించేంత దూరంలో ఆపండి, ఇంకా దగ్గరికి వెళ్తే వరుస విడిపోయి చుక్కలుగా మిగులుతుంది, దూరం వెళ్తే గీతలో కలిసిపోతుంది. చుక్కల వరుస ఒకటి దొరికిందనుకోండి, వెంటనే సంబరపడకుండా నీడ చూడండి. ఈ చిత్రాలు చాలావరకు పొద్దున పూట తీసినవి, కాబట్టి ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది, నీడ వాయవ్యం వైపు వాలుతుంది. గట్టిగా పేర్చిన రాళ్ల కుప్పకి వాయవ్యాన ఒక్క నీడే ఉంటుంది. ఉత్త గుంటకి లోపల, ఆగ్నేయపు అంచు కింద నీడ ఉంటుంది. ఫొగ్గారా బావికి రెండూ ఉంటాయి, బయట వాయవ్యాన ఒకటి, చిల్లు లోపల ఆగ్నేయాన ఒకటి. ఈ రెండు నీడలూ కనిపించేదాకా నోట్‌బుక్‌లో రాయకండి.

ఒక చిక్కుంది. మన కన్ను వెలుగు పైనుంచే పడుతుందని అనుకుంటుంది. చిత్రంలో వెలుగు కింది వైపు నుంచి, అంటే దక్షిణం నుంచి పడుతోంది కాబట్టి గుంట దిబ్బలా, దిబ్బ గుంటలా కనిపించి తికమక పెడుతుంది. టెన్షన్ పడక్కర్లేదు, దిక్సూచి ఉంగరం పట్టుకుని మ్యాప్‌ని తిప్పి దక్షిణాన్ని పైకి తెచ్చుకోండి, ఒక్కసారిగా అంతా సర్దుకుంటుంది.

రెండో చిక్కు సమాధులు. ఈ లోయ అంచున రాళ్లతో కట్టిన పాత సమాధులు వేలల్లో ఉన్నాయి. పంట నేల వృథా చేయకూడదని ఎవరైనా అదే చేస్తారు, నీళ్లెక్కని మెరకనే శ్మశానానికి వదులుతారు. సమాధి గుట్ట మామూలుగా నిండుగా ఉంటుంది గానీ దొంగలు నడినెత్తిన తవ్వితే అచ్చం గారెలాగే మారుతుంది, రెండు నీడలూ పడతాయి! అప్పుడు ఒక్కదాన్ని చూడకుండా గుంపుని చూడాలి. సమాధులు గింజలు చల్లినట్టు ఉంటాయి, బావులు వాలు వెంట బారులు తీరి ఉంటాయి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: తవ్వకుండా మిగిలిన సమాధుల గుంపు కనిపిస్తే దాని అక్షాంశ రేఖాంశాలు ఎక్కడా పెట్టకండి. దొంగలకి మనమే దారి చూపినట్టవుతుంది.

నీళ్లు ఎటు పారాయో ఎలా తెలుస్తుంది? బావుల చుట్టూ గుండ్రంగా పోసిన మట్టి గట్ల, అంటే ఉంగరాల సైజుని బట్టి. ఒక చిన్న లెక్క వేద్దాం. నేల కిలోమీటరుకి 10 మీటర్లు లేస్తోంది, సొరంగం మాత్రం కిలోమీటరుకి ఒక్క మీటరే లేస్తోంది అనుకోండి. నీళ్లు బయటపడే చోటి నుంచి 2 కిలోమీటర్లు వెనక్కి వెళ్తే నేల 20 మీటర్లు, సొరంగం 2 మీటర్లు లేచాయి, అంటే అక్కడ బావి లోతు 18 మీటర్లు. అరకిలోమీటరు దగ్గర లోతు నాలుగున్నర మీటర్లే. ఒకే వెడల్పు బావులైతే మొదటి దాని నుంచి నాలుగు రెట్ల మట్టి వస్తుంది, గట్టు అంత పెద్దదవుతుంది. అందుకే ఉంగరాలు పెద్దవిగా ఉన్న కొస తల్లి బావి వైపు, చిన్నవవుతూ పోయిన కొస పొలం వైపు. రూలర్ టూల్‌తో వరుసగా పది ఉంగరాల అడ్డుకొలత రాసుకోండి, అంకెలే దారి చెబుతాయి.

చిన్న ఉంగరాల కొస దాటాక ఉంగరాలు ఆగిపోయి మామూలు కాలువ గీత కనిపించవచ్చు. అక్కడి నుంచే పంట నేల. తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలని బట్టి గరమాంతులు గోధుమ, బార్లీ, ఖర్జూరం, ద్రాక్ష పండించారని తెలిసింది, ఆ తర్వాత జొన్న, సజ్జ కూడా వచ్చాయి. మనకి ఇంటి గింజల్లా అనిపించే జొన్న, సజ్జ రెండూ ఆఫ్రికాలో పుట్టినవే. గోధుమ చలికాలపు పంట, జొన్న ఎండాకాలపు పంట. అంటే ఏడాది పొడవునా నీళ్లు పారించారన్నమాట. రథాల మీద తిరిగేవాళ్లు అని బయటివాళ్లు రాసిన జనం, ఎండాకాలంలో కూడా మడి తడుపుకున్న రైతులు. రోమ్ పుస్తకాల్లో ఈ సంగతి కోసం వెతికితే దొరకదు.

మరి ఆ నీళ్లు ఏమయ్యాయి? నేలకింద ఉన్నది వేల ఏళ్ల కిందట, సహారా పచ్చగా ఉన్నప్పుడు ఇంకిన వాన. ఖర్చయిందే గానీ తిరిగి నిండలేదు. ఊట కిందికి దిగే కొద్దీ సొరంగం ఎండిపోతుంది, కొందరు ఇంకా లోతుకి, ఇంకా వెనక్కి తవ్వుకుంటూ పోతారు. వరుస పై కొస దగ్గర కొమ్మల్లా చీలి ఉంటే ఆ తాపత్రయమేమో అని అనుమానించండి, నోట్‌బుక్‌లో మాత్రం ప్రశ్నార్థకం పెట్టి రాయండి.

చూడాలని ఉంటే మనకి దగ్గర్లో బీదర్ ఉంది, జహీరాబాద్ దాటితే వచ్చేస్తుంది. ఊరి అంచున నౌబాద్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. అక్కడ పై నుంచి ఉంగరాల కోసం వెతకొద్దు, ఎర్రటి జేగురు రాతిలో తొలిచిన బావి నోళ్లని నడుస్తూ చూడాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లయితే అల్ ఐన్ గానీ ఒమన్‌లోని నిజ్వా గానీ వెళ్లండి, నిజ్వా దగ్గరి ఫలజ్ దారిస్‌లో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి, చెయ్యి పెట్టి చూడొచ్చు.

ఈ వారం అభ్యాసం: వాది అల్ అజల్‌లో మూడు వరుసలు పట్టుకోండి. ఒక్కోదానికి పొడవు, పది ఉంగరాల కొలతలు, తల్లి బావి ఎటు, పొలం ఎటు రాయండి. పాత తేదీల చిత్రాల బటన్ నొక్కి వరుస ఎక్కడైనా కొత్త తోటల కింద చెరిగిపోయిందేమో చూడండి. చెరిగిపోయి ఉంటే 1960 నుంచి 1972 దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన కరోనా (ఆ ఉపగ్రహాల కార్యక్రమం పేరు) ఫొటోలు పనికొస్తాయి, 1995లో వాటి మీద రహస్య ముద్ర తీసేశారు. వాటిని దించుకుని మ్యాప్ మీద సరిగ్గా కూర్చోబెట్టడం వచ్చే పాఠంలో.