ఒంటిచేత్తో మోసే బాస్ కాంబో: ప్రోగ్రాంలకు తేలికపాటి యాంప్ ఎంచుకోవడం ఎలా

వీపున బాస్ గిటార్, భుజానికి కేబుళ్ల సంచి, ఒక చేతిలో కాంబో, తలుపు తీయడానికి రెండో చెయ్యి ఖాళీ. సామానంతా ఒక్క నడకలో స్టేజీ చేరాలి. కాంబో అంటే యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నది. తేలికపాటిది కొనేది ఇందుకే. పది కిలోల లోపైతే మోస్తున్నట్టే ఉండదు. పదిహేను దాటితే ఒంటిచేత్తో రెండంతస్తులు ఎక్కేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ చేత్తోనే ఇంకో పది నిమిషాల్లో వాయించాలి. ఇరవై దాటాక దాన్ని తేలిక అనడంలో అర్థం లేదు.

అయితే తూకం ఒక్కటే చూసి కొనకండి. కిలోలు ఎక్కడ తగ్గాయో చూడండి. కొన్నిచోట్ల తగ్గితే మీకు పైసా నష్టం లేదు. కొన్నిచోట్ల తగ్గితే కింది నోట్లే పోతాయి.

బరువు ఎక్కడ పోయింది?

1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్. స్పీకర్ పెట్టె సంగతి అలా ఉంచి, హెడ్ (స్పీకర్ లేని యాంప్) ఒక్కటే 35 కిలోల పైమాట. ఇప్పుడు అన్నే వాట్లిచ్చే హెడ్ రెండు మూడు కిలోల్లో వస్తోంది. ఈ మార్పు వెనుక రెండు పనులున్నాయి. ఒకటి క్లాస్ డి: అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షలసార్లు పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ అవుతుంటాయి. మధ్యలో ఆగవు కాబట్టి వేడి తక్కువ, పెద్ద హీట్‌సింక్ అక్కర్లేదు. రెండోది స్విచింగ్ పవర్ సప్లై: గోడ నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటును వేల హెర్ట్జ్‌కి మార్చుకుంటుంది, దాంతో ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ పిడికిట్లో పట్టేంత అయింది. స్పీకర్లో ఫెర్రైట్ అయస్కాంతం బదులు నియోడిమియం పెడితే ఒక్కో స్పీకర్ మీద ఇంకో రెండు కిలోలదాకా ఆదా.

ఈ మూడింటివల్ల మీ శబ్దం ఏమీ తగ్గదు. తేలిక యాంపుల్లో దమ్ము లేదని క్లాస్ డి మీద నింద వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చాలాసార్లు ఆ దోషం యాంపుది కాదు, అది కూర్చున్న పెట్టెది.

పెట్టె చెక్క 18 మిల్లీమీటర్ల నుంచి 12కో 9కో తగ్గినప్పుడు లోపల అడ్డబద్దలు సరిగ్గా వేస్తే ఫరవాలేదు. వేయకపోతే గట్టిగా వాయించినప్పుడు పలకలే మోగుతాయి. ఎ స్ట్రింగ్ ఓపెన్‌గా వాయిస్తూ పెట్టె పక్కపలక మీద అరచెయ్యి ఆనించి చూడండి. కొద్దిగా అదరడం మామూలే. డప్పు మీద చెయ్యి పెట్టినట్టుంటే మాత్రం ఆ పెట్టె మీ నోటుకు తన నోటు కలుపుతోందన్నమాట.

పెట్టె లోపలి గాలి విషయంలో ఎవరూ మాయ చేయలేరు. చిన్న పెట్టె, తక్కువ వాట్లకే ఎక్కువ మోత, లోతైన బాస్: మూడూ ఒకేసారి రావు, రెండే వస్తాయి. స్పీకర్లు తయారుచేసేవాళ్లు దీన్ని హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. నాలుగు స్ట్రింగుల బాస్‌లో కింది ఇ నోటు 41 హెర్ట్జ్, ఐదు స్ట్రింగులదైతే కింది బి 31 హెర్ట్జ్. చిన్న కాంబోలు చాలావరకు అంత కిందికి గట్టిగా పలకవు. దానికి బెంగపడక్కర్లేదు. ఇ నోటులో 41తోబాటు 82, 123 హెర్ట్జ్‌ల హార్మోనిక్స్ (మూలస్వరంతో కలిసి మోగే పైస్వరాలు) ఉంటాయి. అవి స్పష్టంగా వినిపిస్తే కింది స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. బ్యాండులో బాస్‌ని మోసేది 80 నుంచి 250 దాకా ఉన్న మేర. కాంబో ఆ మేర నిండుగా, సమంగా పలికితే చాలు.

వాట్ల లెక్క

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి: జనానికి మీ బాస్ పీఏ (హాలు కోసం పెట్టే పెద్ద స్పీకర్లు) నుంచి వినిపిస్తుందా, కాంబో నుంచేనా? పీఏ ఉంటే కాంబో మీకూ డ్రమ్మర్‌కూ వినిపిస్తే చాలు. 100 నుంచి 200 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి సరిపోతాయి. పీఏలోకి బాస్ వెళ్లకుండా, కర్రలతో గట్టిగా కొట్టే డ్రమ్మర్ పక్కన వాయించాలంటే 300 వాట్ల కింద చూడకండి. స్పీకర్లు కూడా రెండు 10 అంగుళాలవో, మంచి 12 అంగుళాలది ఒకటో ఉండాలి. డ్రమ్స్ లేని చిన్న గదికి 50 వాట్లు కూడా ఎక్కువే.

ఆపైన 300 గొప్పదా 500 గొప్పదా అని తల బద్దలు కొట్టుకోకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు వినిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్ల వాట్లు. 300కీ 500కీ తేడా 2.2 డెసిబెల్సే. దానికంటే స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. ఒక వాటుకి ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సో అందులో రాసి ఉంటుంది. 95 ఉన్నదాని బదులు 98 ఉన్నది తీసుకుంటే వాట్లు రెట్టింపు చేసుకున్నట్టే, అదీ ఒక్క గ్రాము పెరక్కుండా. "పీక్" అని రాసిన అంకె వదిలేసి ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల వాట్లు) అంకెనే పట్టుకోండి.

యాంప్ బలమంతా పీల్చేసేది బాస్ నాబ్. దాన్ని 12 డెసిబెల్స్ పెంచితే ఆ నోట్లకు యాంప్ 16 రెట్ల వాట్లివ్వాలి. 20 వాట్లతో హాయిగా నడుస్తున్న కాంబోని ఒక్క తిప్పుతో 320 అడుగుతున్నారన్నమాట. క్లిప్ లైట్ (యాంప్ తన హద్దు దాటిందని చెప్పేది) వెలగడం, స్పీకర్ ఫట్‌మనడం ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. వినిపించకపోతే మొదట 200–400 హెర్ట్జ్ ప్రాంతంలో లో మిడ్ నాబ్ కొద్దిగా పెంచి చూడండి. బాస్ నాబ్ జోలికి ఆ తర్వాతే.

ఓమ్స్ దగ్గర పొరపాటు చేయకండి

ముందు పలక మీద పెద్ద అక్షరాల్లో 500 వాట్లని ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో "4 ఓమ్స్ వద్ద" అని ఉంటుంది. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. కాంబో లోపలి స్పీకర్లు 8 ఓమ్స్ అయితే, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ 500 మీకు రావు. ఫెండర్ రంబుల్ 500 తీసుకుంటే, లోపలి రెండు 10 అంగుళాల స్పీకర్లతో ఇచ్చేది 350 వాట్లు. బయట ఇంకో 8 ఓమ్స్ క్యాబినెట్ తగిలిస్తేనే 500. ఇందులో మోసమేమీ లేదు, పైగా మనకు పనికొచ్చే ఏర్పాటు. చిన్న చోట్లకు కాంబో ఒక్కటే తీసుకెళ్తారు, పెద్ద స్టేజీకి రెండో పెట్టె కలుపుతారు.

కాబట్టి లోపల 8 ఓమ్స్, కనీసం 4 ఓమ్స్ దాకా అనుమతించే యాంప్, వెనక ఎక్స్‌టెన్షన్ స్పీకర్ సాకెట్ ఉన్నదాన్ని వెతకండి. 8, 8 పక్కపక్కన (పారలల్‌గా) కలిస్తే 4. లోపలే 4 ఓమ్స్ ఉన్న కాంబోకి 8 ఓమ్స్ పెట్టె కలిపితే 2.67కి పడిపోతుంది. 4 ఓమ్స్‌కి మాత్రమే తట్టుకునే యాంపయితే వేడెక్కి ప్రొటెక్షన్లోకి వెళ్లి సగం పాటలో మూగబోతుంది. మరీ చెడితే కాలిపోతుంది. కొనేముందే వెనక ప్లేటు మీద కనిష్ఠ ఓమ్స్ ఎంతో చదవండి. రెండో పెట్టె కలిపితే లాభం వాట్లవల్ల వచ్చేదానికంటే ఎక్కువ, ఎందుకంటే గాలిని తోసే కోన్ల వైశాల్యం కూడా పెరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. క్లాస్ డి యాంపుల్లో చాలావాటికి స్పీకర్ సాకెట్‌లోని రెండు తీగలూ లైవ్‌గానే ఉంటాయి, ఒకటి గ్రౌండ్ కాదు. దాన్ని మిక్సర్లోకో, హెడ్‌ఫోన్‌లోకో పెడితే యాంప్ పోవచ్చు. స్పీకర్ సాకెట్‌కి స్పీకర్ కేబులే వాడండి, గిటార్ కేబుల్ వద్దు. స్పీకాన్ అయితే లోపలికి తోసి, టిక్కుమని లాక్ పడేదాకా తిప్పండి.

డీఐ

ప్రోగ్రాంలకు వాడే కాంబోకి ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల) డీఐ అవుట్, అంటే బాస్ సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే సాకెట్, ఉండాల్సిందే. దానిపక్కన ప్రీ/పోస్ట్ స్విచ్ ఉందో లేదో చూడండి. పోస్ట్‌లో (నాబుల తర్వాతి సిగ్నల్) ఉంటే స్టేజీ మీద మీరు బాస్ నాబ్ ముట్టుకున్నప్పుడల్లా హాలంతా మారిపోతుంది, సౌండ్ ఇంజినీర్ సెట్ చేసిందంతా పాడవుతుంది. ప్రీలో (నాబులకు ముందటి సిగ్నల్) పెట్టి పంపండి. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ కూడా కావాలి, లైన్ కలపగానే గుంయ్‌మని హమ్ వస్తే తీసేది అదే. లెవెల్ తగ్గించే వీలుంటే ఇంకా మంచిది, లేకపోతే కొన్ని యాంపుల డీఐ మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌ని నింపేసి గరగరలాడిస్తుంది.

షాపులో ఏం చేయాలి

మీ బాస్ మీరే పట్టుకెళ్లండి. నాబులన్నీ మధ్యలో పెట్టి, కాంటూర్, షేప్ లాంటి బటన్లు ఆపేసి, ట్వీటర్ (పైశబ్దాల చిన్న స్పీకర్) పూర్తిగా తగ్గించండి. ఆ బటన్లు మధ్య శబ్దాలు కోసేసి షాపులో తియ్యగా వినిపిస్తాయి, బ్యాండులో అదే మిమ్మల్ని మాయం చేస్తుంది.

కాంబోకి మూడు మీటర్ల దూరంలో నిలబడండి. కింది ఇ ఓపెన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ, ఒకే బలంతో పన్నెండో ఫ్రెట్ దాకా వాయించండి. ఎక్కడో ఒక నోటు హఠాత్తుగా గుమ్మంటుంది, ఇంకోటి చచ్చిపోతుంది. ఆ ఫ్రెట్లు గుర్తుంచుకుని కాంబోని రెండు మీటర్లు పక్కకి జరిపి మళ్లీ వాయించండి. గుమ్మనే నోటు మారితే తప్పు గదిది. అదే నోటైతే పెట్టెది.

తర్వాత వాల్యూమ్ పెంచుకుంటూ కింది ఇ గట్టిగా మీటండి. ఒకచోట నోటు చివర ఫట్‌మనే చప్పుడు తగులుతుంది, కోన్ తను కదలగలిగినంతా కదిలేసిందని అర్థం. మీ డ్రమ్మర్ పక్కన మీకు కావలసిన మోత అంతకు చాలా ముందే రావాలి. ఇప్పుడు వాల్యూమ్ సున్నా చేసి ఫ్యాన్ వినండి. హోరున తిరిగే ఫ్యాన్ నెమ్మది పాటల్లో మైకులోకి ఎక్కుతుంది.

చివరగా స్విచ్ ఆపి, పట్టుకుని నడవండి. ఎత్తి చూసి దించేయడం కాదు, బాస్ వీపున వేసుకుని మెట్లెక్కి దిగి రండి. పిడి బరువుకి సరిగ్గా మధ్యలో లేకపోతే పెట్టె ప్రతి అడుక్కీ మోకాలి పక్కన కొట్టుకుంటుంది. 10 కిలోల రంబుల్ 100కీ 16–17 కిలోల రంబుల్ 500కీ ఉన్న తేడా కాగితం మీద ఆరేడు కిలోలే, మూడో అంతస్తులో అది వేరే లెక్క.

సెకండ్ హ్యాండ్‌దైతే జాలీ తీయించి, కోన్‌ని మధ్యలో నాలుగు వేళ్లతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడొస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) రాసుకుంటోంది. కాలిన వాసన వస్తే ఇంకా ఆలోచించొద్దు. స్విచింగ్ పవర్ సప్లై చెడితే రిపేరు కంటే బోర్డు మొత్తం మార్చడమే మామూలు, ఆ బోర్డు ఇప్పటికీ దొరుకుతుందో లేదో కనుక్కోండి.

వెనక వోల్టేజీ రాత చదవండి. కొన్ని 100 నుంచి 240 దాకా వాటంతటవే సర్దుకుంటాయి, కొన్నిటికి స్విచ్ మార్చాలి, కొన్ని ఒకే వోల్టేజీకి కట్టుబడి ఉంటాయి. జెనరేటర్ మీద వాయించేవాళ్లకి మొదటి రకం ప్రాణరక్షణ.

స్టేజీ మీద

చిన్న కాంబో నేలమీద ఉంటే స్పష్టమైన శబ్దమంతా మీ పిక్కలకి తగిలి పోతుంది. పైకి వాలేలా చేసిన వెడ్జ్ ఆకారం పెట్టె అయినా, వాలు స్టాండ్ అయినా ఈ బాధ తీరుస్తుంది. డొల్లగా మోగే చెక్క స్టేజీ మీదైతే గట్టి కుర్చీ మీదకో, అడుగున్నర ఎత్తు స్టాండ్ మీదకో ఎక్కించండి. కింది నోట్ల బరువు కొంత తగ్గుతుంది, నోట్లు విడివిడిగా వినిపిస్తాయి. బాస్ పలచబడిందనిపిస్తే ఉల్టా చేయండి: నేలమీద దించి గోడకు దగ్గరగా జరపండి. రెండు స్పీకర్లున్న పెట్టెని నిలువుగా పెడితే పక్కనున్నవాళ్లకీ బాగా వినిపిస్తుంది, అడ్డంగా పెడితే మిడ్స్ ఎదురుగా సన్నగా పోతాయి. యాంప్‌లో హై పాస్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాలను కోసేది) ఉంటే 40 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి, వినిపించని కదలికలకి కోన్ అలసిపోకుండా ఉంటుంది.

కాంబోలో యాంపూ స్పీకరూ ఒకే పెట్టె కాబట్టి ఒకటి పోతే రెండూ పోయినట్టే. కేబుళ్ల సంచిలో చిన్న డీఐ బాక్సు ఒకటి, అదనంగా ఒక గిటార్ కేబుల్ ఎప్పుడూ ఉంచండి. పాట మధ్యలో కాంబో ఆగిపోతే దాని ఎక్స్ఎల్ఆర్ లాగి డీఐ బాక్సుకి గుచ్చండి, బాస్ కేబుల్ అందులో పెట్టండి. లైను మార్చేముందు ఆ ఛానెల్ మ్యూట్ చేయమని ఇంజినీర్‌కి సైగ చేయడం మర్చిపోకండి.