పాత ఆల్బమ్ చదవడం – 4వ పాఠం: గోదారి ఎటు పారుతోంది?

మూడో పాఠంలో పాత గోదారి ఫోటోలను ఆల్బమ్ పేజీల నుంచి ఎలా విడదీయాలో చెప్పాను. చాలామంది ఓపిగ్గా చేశారు. డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక రంపంలా మెల్లగా ఆడిస్తూ, ఒక్క మూల కూడా చిరగకుండా తీశామని రాశారు. సంతోషం. కానీ ఆ తర్వాత వాక్యం చదివి నా గుండె ఆగినంత పనైంది. తీసిన ఫోటోలన్నిటినీ బిస్కెట్ డబ్బాలో వేశారు. ఒకరు సైజుల వారీగా, ఒకరు నలుపు తెలుపు ఒక పక్క, రంగులవి ఒక పక్క. ఒకావిడైతే "మనుషులున్నవి దాచాను, ఉత్త నీళ్ళు ఉన్నవి పక్కన పెట్టాను" అని రాశారు.

తప్పు నాది. "ముందు ప్రతి పేజీనీ ఫోన్లో ఫోటో తీసుకోండి" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్ళిపోయాను. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. అందుకే ఈసారి ఫోటో చూసి రేవునూ కాలాన్నీ గుర్తుపట్టే పని కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. ముందు చెదిరిపోయిన వరుసను మళ్ళీ పేర్చుకుందాం.

వరుసకు ఇంత విలువ ఎందుకో మా పెదనాన్న ఆల్బమ్‌తోనే చెప్తాను. అందులో ఒక ఫోటో ఉంది. అందులో మూడొంతులు నీళ్ళు, చివర సన్నటి ఇసుక గీత, అంతే. వెనక ఒక్క అక్షరం లేదు. విడిగా చూస్తే ఏ నదైనా కావచ్చు. పేజీలో మాత్రం దానికి ముందు పోలవరం రేవులో ఆగిన లాంచీ ఉంది, దాని తర్వాత పట్టిసం కొండ మీద శివుడి గుడి ఉంది. పట్టిసం పోలవరానికి దిగువన ఉంటుంది. అంటే లాంచీ దిగువకు వస్తోంది, ఆ నీళ్ళు ఆ రెండూళ్ళ మధ్యవి. ఉత్త నీళ్ళ ఫోటోకు ఊరు దొరికింది దాని పక్కవాళ్ళ వల్లే. ఆ పక్కన పెట్టినవాటిని దయచేసి మళ్ళీ తీయండి.

నల్ల అట్టల ఆల్బమ్ అయితే మీ అదృష్టం. ఖాళీ పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఫోటో ఉన్న చోట అట్ట నల్లగానే ఉంటుంది, చుట్టూ వెలిసి గోధుమ రంగుకో బూడిద రంగుకో తిరిగి ఉంటుంది. ఆ నల్ల చతురస్రాల కొలత తీసుకోండి. ఆ సైజు ఫోటోలే అక్కడికి పోటీదారులు. తర్వాత ఫోటో వెనక చూడండి. జిగురు పెట్టిన చోట నల్ల అట్ట పొర కొంచెం ఊడి వచ్చి ఉంటుంది, పేజీ మీద అదే ఆకారంలో గాయం ఉంటుంది. రెండూ కలిస్తే ఇక సందేహం లేదు. నేను ఇలా ఒక మధ్యాహ్నం కూర్చుని పదకొండు పేజీలు నిలబెట్టాను. అంటుకునే పేజీల ఆల్బమ్ అయితే ఫోటో వెనక పసుపు పచ్చని జిగురు చారలు పడి ఉంటాయి. ఆ చారలు పేజీ మీది చారలతో ఎక్కడ కలుస్తాయో జరిపి చూడండి.

నెగెటివ్‌లు ఉంటే ఇంకా మేలు. అప్పట్లో చాలా ఇళ్ళలో ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి చిన్న కెమెరాలు ఉండేవి. అందులో వేసేది 120 ఫిల్మ్, ఒక రోలుకు పన్నెండు చదరపు ఫోటోలు. ఫిల్మ్ అంచున అంకెలు ఉంటే, ఏది ముందు తీశారో ఏది తర్వాతో అవే చెప్తాయి. ఆల్బమ్ వరుస పెదనాన్న మనసులోది, ఫిల్మ్ వరుస ఆ రోజుది. రెండూ కలవకపోతే రెండూ రాసి పెట్టుకోండి. ఒకదాన్ని ఇంకొకదానికి తగ్గట్టు దిద్దకండి.

ఇంకా విడదీయనివాళ్ళు ఆగండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పట్టించి తీసిన ఒకరి రంగుల ఫోటోలు విల్లులా వంగిపోయాయి. ఇంకొకరు నీళ్ళలో నానబెడితే వెనక తాతగారి చేతిరాత కరిగిపోయింది. ఊడిరానిదాన్ని లాగకండి, పేజీతో సహా దాచండి. ఫోటో వెనక రాయడానికి మెత్తటి పెన్సిల్ చాలు, బాల్ పెన్ను వద్దు. స్కాన్ చేయడం గురించి నేను చెప్పేదేమీ లేదు, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కటే కోరిక: పాత ఫోటోకు రంగులద్దే యాప్‌ల జోలికి వెళ్ళకండి. ఒకరు పంపిన వరద ఫోటోలో గోదారి నీలంగా ఉంది. ఆగస్టులో గోదారి ఎర్రమట్టి రంగులో ఉంటుంది. ఆ యాప్ నీళ్ళకు రంగు వేయడంతో పాటు మీ నెలను కూడా చెరిపేసింది.

ఇక గుర్తుపట్టే పని.

రాజమండ్రి ఫోటోలకు వంతెనలే క్యాలెండరు. హేవలాక్ వంతెన 1900లో తెరిచారు. రాతి స్తంభాలు, మీద ఇనుప గర్డర్లు, రైలు మాత్రమే. 1997లో దాని మీద రైళ్ళు ఆగిపోయాయి. 1974లో వచ్చింది రోడ్డు కమ్ రైలు వంతెన. పైన బస్సులు, కింద రైలు, కాబట్టి రెండంతస్తులుగా కనిపిస్తుంది. తెల్లటి కాంక్రీటు తోరణాల వంతెన 1997లో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఈ మూడింటినీ పుష్కరాలతో కలపండి. మనకు గుర్తున్న పుష్కరాలు 1979, 1991, 2003, 2015. మీ దగ్గర పుష్కరాల జనం ఉన్న రంగుల ఫోటో ఉంది, వెనక వంతెనలు కనిపిస్తున్నాయి, పూర్తయిన తోరణాలు ఉన్నాయి. అయితే అది 1991 కానే కాదు. తోరణాలు ఉండాల్సిన చోటు ఫోటోలో స్పష్టంగా కనబడుతూ, అవి లేకపోతే 2003 కాదు. "ఉండాల్సిన చోటు కనబడుతూ" అన్న మాట మరిచిపోవద్దు. కెమెరా అటు తిరగకపోతే లేని వంతెన ఏమీ రుజువు చేయదు.

ధవళేశ్వరం ఫోటోల్లో కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినది. తక్కువ ఎత్తు కట్టు, దాని మీంచి నీళ్ళు దొర్లుతుంటాయి. ఇప్పుడున్న బ్యారేజీ 1970 తర్వాతి కాలపు కట్టడం, వరుసగా గేట్లు, పైన రోడ్డు. భద్రాచలం వంతెన 1965లో వాడుకలోకి వచ్చింది, అంతకు ముందు ఫోటోల్లో ఆ దాటు పడవల మీదే.

వరద ఫోటోల గురించి కొంచెం చెప్పాలి. మన ఇళ్ళలో ఏ వరద ఫోటో చూపించినా "ఎనభై ఆరు వరద" అంటారు. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, లంకలు, అంటే నది మధ్య దీవులు, మునిగాయి, గట్లు తెగాయి. అంత పెద్ద గాయం కాబట్టి చిన్న వరదల జ్ఞాపకాలను అదే మింగేస్తుంది. కానీ 1953లోనూ పెద్ద వరద వచ్చింది. పక్క పేజీలో పెద్దక్క పెళ్ళి ఫోటో ఉండి, ఆ పెళ్ళి 1958లో అయితే, ఆ వరదను ఎనభై ఆరు అనడానికి మీ దగ్గర ఆధారం లేదు. ఇక్కడ కూడా వరుసే కాపాడుతుంది.

రుతువు చెప్పేవి ఇంకా ఉన్నాయి. తట్టలో పులస చేప కనిపిస్తే అది వరద నీటికి ఎదురీదే కాలం, ఎండాకాలం కాదు. ఇసుక తిన్నెలు పైకి తేలి, జనం పట్టిసం వైపు ఇసుకలో నడుస్తూ కనిపిస్తే శివరాత్రిని ముందు ఊహించండి. పడవలు, తెరచాపలు, కాలువ గట్టు మీంచి తాడుతో పడవ లాగే మనుషులు, బళ్ళు ఎక్కిన పంటు, వీటికి ఒక పాఠం విడిగా పెడతాను.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని తప్పు దగ్గరకు వస్తున్నాను. పోయినసారి అభ్యాసంలో ఎక్కువమంది ఫోటో వెనక "గోదావరి ఎడమ గట్టు" అని రాశారు. ఎందుకంటే గట్టు ఫోటోలో ఎడమ పక్కన ఉంది. నదికి కుడి ఎడమలు మన చేతులవి కావు, ఫోటోవి కూడా కావు. నీరు పారే దిక్కుకు, అంటే దిగువకు ముఖం పెట్టి నిలబడితే మీ ఎడమ చేతి వైపు వచ్చేది ఎడమ గట్టు. రాజమండ్రి ఎడమ గట్టు, కొవ్వూరు కుడి గట్టు. మీరు కొవ్వూరులో నిలబడి చూసినా, రైల్లోంచి చూసినా, ఫోటోను తలకిందులుగా పట్టుకున్నా రాజమండ్రి ఎడమ గట్టే.

అక్కడ నది దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. రాజమండ్రి ఘాట్ మెట్ల మీద నిలబడి నదిని చూస్తే మీ ముఖం పడమటికి ఉంటుంది, నీళ్ళు మీ కుడి నుంచి ఎడమకు పోతాయి. కొవ్వూరు రేవులో నిలబడితే ముఖం తూర్పుకు, నీళ్ళు ఎడమ నుంచి కుడికి. దీన్ని కంఠతా పట్టొద్దు, కాగితం మీద గీయండి. గీస్తే ఇంకో పొరపాటు దానంతటదే బయటపడుతుంది. నాకు వచ్చిన ఫోటోల్లో ఆరింటి వెనక "గోదారి మీద సూర్యోదయం, రాజమండ్రి" అని ఉంది. రాజమండ్రి గట్టు మీంచి చూస్తే గోదారి అవతల సూర్యుడు దిగుతాడు, ఉదయించడు. ఆ ఫోటో సాయంత్రానిది కావచ్చు, లేదా కొవ్వూరు నుంచి తీసింది కావచ్చు, లేదా నది మధ్యలో పడవలోంచి తీసింది కావచ్చు. మూడూ వేరువేరు కథలు. అమ్మమ్మ చేత్తో "సూర్యోదయం" అని రాసి ఉంటే దాన్ని చెరపకండి, కొట్టేయకండి. కింద పెన్సిల్‌తో మీ మాట, దానికి కారణం, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఫోటోలో నీరు ఎటు పోతోందో ఎలా తెలుస్తుంది అని చాలామంది అడిగారు. రేవులో ఒకే తాడుతో గుంజకు కట్టిన పడవను చూడండి. గుంజ నుంచి పడవ వాలిన వైపే దిగువ. వంతెన స్తంభాల దగ్గర నీళ్ళు ఎగువ వైపు గుద్దుకుని ఉబ్బుతాయి, దిగువ వైపు తోకలా నురగ సాగుతుంది. గాలి గట్టిగా ఉన్న రోజు పడవ మోసం చేస్తుంది, కాబట్టి రెండు గుర్తులు కలిస్తేనే రాయండి. యానాం, అంతర్వేది వైపు పాయల్లో సముద్రపు పోటు వేళ నీరు వెనక్కి కూడా వస్తుంది, అక్కడ ఈ గుర్తులను నేను నమ్మను.

ఇంత చేశాక కూడా ఒక ఫోటో అడ్డం తిరగొచ్చు. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసి ఉంటే గోదారి ఎదురు పారుతుంది. మీరు స్కాన్ చేసిన నెగెటివ్‌లలో ఇలాంటివి కనీసం నాలుగు చూశాను. గట్టు పేరు మార్చేముందు ఫోటోలోని మనుషులను చూడండి. మన ఆడవాళ్ళ పైట ఎడమ భుజం మీద ఉంటుంది. అందరి పైటలూ కుడి భుజం మీద ఉంటే తిరగబడింది నది కాదు, నెగెటివ్. లాంచీ మీద పేరు ఉంటే ఇంకా తేలిక. నెగెటివ్‌కు నిగనిగలాడే పక్క మీ వైపు ఉంటే బొమ్మ సరైన తీరులో కనిపిస్తుంది, మెరుపు లేని పక్క అవతల ఉండాలి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, పదిహేను రోజులు తీసుకోండి. డబ్బాలో పోసినవాళ్ళు ముందు కనీసం ఒక్క పేజీ మళ్ళీ నిలబెట్టండి, అది కాకుండా తర్వాతది మొదలుపెట్టకండి. మిగతావాళ్ళు వరుసగా ఉన్న పన్నెండు ఫోటోలు తీసుకోండి. ఏరుకోకూడదు, ఆల్బమ్‌లో ఎలా ఉంటే అలాగే, ఉత్త నీళ్ళ ఫోటోలతో సహా. ప్రతిదానికీ విడి కాగితం మీద నీరు పారే వైపు బాణం గీయండి. కెమెరా ఏ గట్టు మీద ఉంది, ముఖం ఏ దిక్కుకు, ఉదయమా సాయంత్రమా, ఏ రుతువు, ఏ సంవత్సరాల మధ్య, ఇవి రాయండి. ప్రతి మాట పక్కన దానికి కారణం ఉండాలి. కారణం లేని మాట వద్దు, ఖాళీ వదలండి. పన్నెండింటిలో ఏడు ఖాళీలు వచ్చినా నాకు పంపండి.

రాజమండ్రి, కొవ్వూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఒక ఫోటో తీసుకుని, అందులో ఉన్నంత పొడుగ్గా నీడలు పడే వేళకు ఘాట్‌కు వెళ్ళి నిలబడండి. దూరాన ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. అయితే ఒక్క ఫోటో చూపించి "ఇదెక్కడ?" అని అడగకండి. పేజీ మొత్తం చూపించి, మీరు మాట్లాడకుండా వినండి. మా పెద్దమ్మకు నేను ఆ ఉత్త నీళ్ళ ఫోటో ఒక్కటే చూపించినప్పుడు తల అడ్డంగా ఊపింది. పేజీ చూపించగానే "ఆ రోజు లాంచీ ఇసుకలో ఇరుక్కుపోయింది, సరంగు దిగి గడకర్రతో తోశాడు" అంది.