కలిసి వెళ్లే ట్రిప్‌లో ఒకరు మానేస్తే ఆ ఖర్చెవరిది? డబ్బు కట్టకముందే తేల్చుకోండి

నలుగురైదుగురు కలిసి ట్రిప్ అనుకుంటున్నారా? ఇల్లు నచ్చి, తేదీలు కుదిరి, ఇక బుక్ చేసేద్దాం అనేదాకా వచ్చారా? కార్డు నంబర్ కొట్టేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. మనలో ఎవరైనా చివర్లో రాలేకపోతే ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలో ముందు తేల్చుకోండి. డబ్బు కట్టకముందు అడిగితే ఇది మామూలు ప్రశ్నే, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకరు మానేశాక అడిగితే మాత్రం అదే ప్రశ్న ఆ మనిషిని వేలెత్తి చూపినట్టు ఉంటుంది, వాళ్లు నొచ్చుకుంటారు, అడిగినవాళ్లకీ నిద్ర పట్టదు.

నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. మేం 6 మందిమి, మూడు బెడ్‌రూముల ఇల్లు, ఒక పెద్ద బండి. బుకింగ్ అంతా నా కార్డు మీదే, "తర్వాత ఇస్తాంలే" అంటే సరే అన్నాను. వెళ్లడానికి మూడు వారాల ముందు, రాత్రి పదకొండు దాటాక గ్రూప్‌లో మెసేజ్: "సారీ, ఈసారికి నన్ను వదిలేయండి, ఆఫీసులో అస్సలు కుదరట్లేదు. మీరు బాగా ఎంజాయ్ చేయండి." కింద రెండు థమ్స్ అప్‌లు, ఒక ఏడుపు బొమ్మ. డబ్బు మాట ఒక్కరూ ఎత్తలేదు. "మరి నీ వాటా?" అని నేను టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను, చివరికి "అయ్యో, మిస్ అవుతాం" అని పెట్టి ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు ఒకరేమో "తను రావట్లేదుగా, తనెందుకు ఇవ్వాలి" అన్నారు, ఇంకొకరు "అయితే మాకెందుకు ఎక్కువ పడాలి" అన్నారు. ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్లది న్యాయంగానే ఉంది. ఆఖరికి మిగిలిన 5 మందిమే పంచుకున్నాం. బండిలో తన సీటు మీద మా బ్యాగులు పెట్టుకున్నాం, వెనక్కి తిరిగినప్పుడల్లా అవే కనపడేవి. ఆ తర్వాత చాలాకాలం తనతో మునుపటిలా మాట్లాడలేకపోయాను. పోయిన డబ్బు గురించి కాదు నా బాధ, మొహమాటానికి పోయి అడగలేకపోయినందుకు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. వస్తానని మాటిచ్చి, ఆ మాట నమ్మి మిగతావాళ్లు డబ్బు కట్టాక మానేస్తే, వెనక్కి రాని తన వాటా తనే పెట్టుకోవాలి. "నేను అక్కడ ఒక్క రాత్రి కూడా ఉండలేదు కదా" అంటారు. నిజమే, కానీ మూడో బెడ్‌రూమ్ ఉన్న ఇల్లు తీసుకున్నదే ఆరో మనిషి కోసం, లేకపోతే చిన్న ఇల్లు చూసుకునేవాళ్లం. అయితే ఒక్క పైసా కూడా ఎక్కువ అడక్కూడదు, ఇంకా బుక్ చేయని వాటికి వాటా వసూలు చేయకూడదు. వచ్చి ఉంటే ఎంత పడేదో అంతే, అందులోంచి వెనక్కి వచ్చిందంతా తీసేయాలి.

లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు కొన్ని ఉంటాయి, ఇంటి అద్దె, బండి అద్దె లాంటివి. 10 మందిలో ఒకరు మానేస్తే మిగతావాళ్లకు ఒక్కొక్కరికి దాదాపు 11 శాతమే పెరుగుతుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 6 మందిలో ఒకరైతే 20 శాతం. నలుగురిలో ఒకరైతే 33 శాతం. 6 మందిలో జంటగా ఇద్దరు మానేస్తే ఏకంగా 50 శాతం, అది చాలామందికి ట్రిప్పే వద్దనిపించేంత. కాబట్టి చిన్న గ్రూపులే ముందు జాగ్రత్త పడాలి, కానీ "మనం మనమే కదా" అని మాట్లాడుకోకుండా వదిలేసేదీ చిన్న గ్రూపులే. తలకింత అని ఉండే విమానం, రైలు టికెట్లు, ప్రవేశ రుసుములు ఎవరివి వాళ్లవే, వాటితో పేచీ లేదు. గ్రూప్ డిస్కౌంట్ ఉంటే మాత్రం కనీసం ఎంతమంది ఉండాలో అడిగి పెట్టుకోండి, ఒక్కరు తగ్గినా అందరి రేటూ పెరిగే చోట్లు ఉంటాయి.

హోటల్లో ఇద్దరికో గది తీసుకున్నప్పుడు ఇంకా జాగ్రత్త. ఒకరు మానేస్తే ఆ గది అద్దె మొత్తం పాపం రూమ్‌మేట్ నెత్తిన పడుతుంది, మిగతావాళ్ల జేబులకు ఏమీ తెలియదు. ఇది చాలా అన్యాయం. ఎవరు ఎవరితో ఉండాలనేది ఏదో సర్దుకోవడానికి వేసిన లెక్కే తప్ప ఆ మనిషి పూచీకత్తు ఏమీ ఇవ్వలేదు కదా. మానేసినవాళ్ల నుంచి రాకపోతే ఆ లోటు గ్రూప్ అంతా పంచుకోవాలి, ఈ ఒక్కటీ ముందే గట్టిగా అనుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీ. రద్దు చేసుకుంటే డబ్బు వాపసు ఇచ్చే బుకింగులకు ఒక గడువు ఉంటుంది. చాలా చోట్ల ఆ గడువు మనం ఉండే చోటి టైమ్ ప్రకారం కాదు, బస చేయబోయే చోటి టైమ్ ప్రకారం లెక్క, ఇది చూసుకోక ఒక్క పూట తేడాలో మొత్తం పోగొట్టుకుంటారు. ఆ గడువుకు రెండు మూడు రోజుల ముందు మీ గ్రూప్‌కు సొంత గడువు ఒకటి పెట్టుకోండి. ఆ రోజు వరకు ఎవరు మానేసినా రూపాయి ఇవ్వక్కర్లేదు, మాట పడక్కర్లేదు. ఎందుకంటే అప్పటికి మిగతావాళ్ల చేతిలో ఇంకా దారి ఉంది, నష్టం లేకుండా ఆ ఇల్లు వదిలేసి చిన్నది చూసుకోవచ్చు. కాదు, మాకు ఇదే కావాలి అనుకుంటే పెరిగిన వాటా వాళ్లు కోరి పెట్టుకున్నది, మానేసిన మనిషిని అడగకూడదు. గడువు దాటాక మాత్రం అలాంటి దారి ఉండదు, అక్కడి నుంచి ఎవరి వాటా వాళ్లదే. వాపసు లేని బుకింగ్ కాస్త చవకగా వస్తుంది, చూడగానే మనసు అటే లాగుతుంది. అందరూ డబ్బు చేతిలో పెట్టేసి, సరే అని రాసిస్తే తప్ప దాని జోలికి వెళ్లకండి.

బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్లదే. ఇంటి యజమానికి మీ 6 మందితో పని లేదు, మొత్తం సొమ్ము ఆ ఒక్కరి నుంచే తీసుకుంటాడు. అందుకని డబ్బు పడ్డాకే తల లెక్కలోకి తీసుకోండి. "చూద్దాం", "దాదాపు ఖాయం", "మా ఇంట్లో అడిగి చెప్తా" ఇవేవీ తలలు కావు, వాళ్లను తీసేసి సరిపోయే ఇల్లే చూడండి. రిఫండ్ కూడా సాధారణంగా కట్టిన కార్డుకే తిరిగి వస్తుంది, కాబట్టి కార్డు ఇచ్చినవాళ్లు ఎంత వచ్చిందో స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టేయడం మంచిది. 2020లో కరోనా వచ్చి ప్రయాణాలన్నీ ఆగిపోయినప్పుడు చాలా చోట్ల నగదుకు బదులు వోచర్లే ఇచ్చారు. అలా ఒకరి పేరు మీద వచ్చిన వోచర్‌లో మిగతావాళ్ల వాటా ఏమైంది అనే పీటముడి ఎన్ని గ్రూపుల్లో పడి ఉంటుందో! వోచర్ వస్తే దాన్ని వాడుకున్నవాళ్లు మిగతావాళ్లకు నగదు ఇవ్వాలి అని అదీ ముందే అనుకోండి.

ఇదంతా పెద్ద ఒప్పందపత్రంలా రాయనక్కర్లేదు. బుక్ చేసేముందు గ్రూప్‌లో ఇలా ఒక్క మెసేజ్ పెడితే చాలు:

"అందరూ ఒకసారి చదివి సరే అని పెట్టండి. ఇంటి అద్దె, బండి అద్దె 6 వాటాలు. ఫలానా తేదీ వరకు ఎవరైనా మానేయొచ్చు, ఏమీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత మానేస్తే ఇంటిదీ బండిదీ వెనక్కి రాని వాటా తనే పెట్టుకోవాలి, బదులు ఎవరైనా వస్తే ఆ మేరకు తిరిగిచ్చేస్తాం. టికెట్లు ఎవరివి వాళ్లవే. వాటా డబ్బు వచ్చాకే బుక్ చేస్తా. ఇది నాకూ వర్తిస్తుంది."

ఆ చివరి మాట తప్పకుండా రాయండి. రూల్ పెట్టినవాళ్లకూ అదే రూల్ అని తెలిస్తే ఎవరికీ గుచ్చుకోదు. థమ్స్ అప్‌తో సరిపెట్టుకోకండి, ప్రతి ఒక్కరి దగ్గరా "సరే" అనే మాట తీసుకోండి.

మరి ఒంట్లో బాగోలేక మానేస్తే? ఇంట్లో ఎవరైనా పోతే? ఉద్యోగం ఊడితే? ఇక్కడ లెక్క ఒక్కటే చూస్తే మనుషులం అనిపించుకోం. కానీ ఇల్లు ఇచ్చినవాడికి కారణంతో పని లేదు, ఎవరో ఒకరు కట్టాల్సిందే, అందుకే ఇన్సూరెన్స్ గురించి బుక్ చేసిన రోజే ఆలోచించాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా అనుకోకుండా వచ్చిన జబ్బు, దగ్గరివాళ్ల మరణం లాంటి వాటికే వర్తిస్తుంది. మనసు మారితే, ఆఫీసులో పని పడితే చాలా పాలసీలు ఇవ్వవు. పాలసీ తీసుకునే నాటికే తెలిసిన సమస్యకూ ఇవ్వవు, అందుకే ఆలస్యం చేయకూడదు. ఏ కారణానికైనా వర్తించే పాలసీలు కొన్ని దేశాల్లో ఉన్నాయి, వాటి ప్రీమియం ఎక్కువ, మొదటి చెల్లింపు చేసిన కొద్ది వారాల్లోపే తీసుకోవాలి, అప్పుడు కూడా మొత్తం రాదు, తరచుగా 50 నుంచి 75 శాతం వరకే ఇస్తాయి. బిల్లు ఒకరి పేరు మీద ఉంటే రెండోవాళ్లు తమ వాటా కట్టినట్టు రుజువు చూపించాల్సి వస్తుంది, కాబట్టి వాటా డబ్బు నగదుగా చేతిలో పెట్టకుండా బ్యాంకు ద్వారా పంపుకోండి. డాక్టర్ సర్టిఫికెట్ కూడా క్యాన్సిల్ చేసేముందే తీసుకోండి, తర్వాత తెస్తామంటే ఒప్పుకోకపోవచ్చు.

ఇన్సూరెన్స్ పోగా మిగిలిన నష్టం, నా మాటకొస్తే, ఇలాంటి కష్టంలో గ్రూప్ పంచుకోవాలి. అయితే అది గ్రూప్ ఇష్టంగా చేసేది, మానేసినవాళ్లు హక్కుగా అడిగేది కాదు. ఆ మాట కూడా మానేసిన మనిషి ఉన్న గ్రూప్‌లో చర్చించకండి, విడిగా మాట్లాడుకుని ఒకరు ఫోన్ చేసి చెప్పండి. ఎవరికి డబ్బు ఇబ్బందిగా ఉందో మీలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

ఇంకో సంగతి. డబ్బు పోతుందని జ్వరంతోనే బయల్దేరే మనుషులుంటారు. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు కొంతమందిని ఇలా అడిగారు: రెండు స్కీ ట్రిప్పులకు టికెట్లు కొన్నారు, రెండూ ఒకే సమయంలో పడ్డాయి, ఒకదానికి ఎక్కువ డబ్బు పెట్టారు, రెండోది ఎక్కువ సరదాగా ఉంటుంది, దేనికి వెళ్తారు? సగానికి పైగా ఎక్కువ డబ్బు పెట్టినదానికే వెళ్తామన్నారు. కట్టేసిన డబ్బు మనల్ని అలా పట్టుకుంటుంది. మీ స్నేహితులెవరైనా ఆ స్థితిలో ఉంటే వాటా సంగతి పక్కన పెట్టి, ముందు ఇంట్లో ఉండమని చెప్పండి. వచ్చినా రాకపోయినా ఆ డబ్బు పోయిందే, ఆరోగ్యం కూడా పోగొట్టుకోవడం ఎందుకు.

ఎవరైనా మానేశాక మిగతావాళ్ల బాధ్యత కూడా ఉంది. వాటా ఎలాగూ వస్తుందని కూర్చోకూడదు. ఒక గది తగ్గించుకోవచ్చా, చిన్న బండి తీసుకోవచ్చా అని అదే రోజు అడగండి. బదులు మనిషిని వెతకడం మానేసినవాళ్ల పని, ఒప్పుకోవడం మాత్రం మీ అందరి చేతిలో ఉంటుంది, ఎందుకంటే ముక్కూమొహం తెలియని మనిషితో ఒకే ఇంట్లో ఉండాల్సింది మీరే. వచ్చినవాళ్లు వాటాలో సగమే ఇస్తానంటే మిగతా సగం మానేసినవాళ్లది. విమాన టికెట్ మీద పేరు మార్చడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా రుసుము తీసుకుంటాయి, కాబట్టి కొత్త మనిషి కొత్త టికెట్టే కొనుక్కోవాలి అనుకుని లెక్క వేయండి. ఒక్కటి మాత్రం చేయకండి, కొత్త మనిషి దగ్గరా తీసుకుని, మానేసిన మనిషి డబ్బూ ఉంచేసుకుని, ఆ మిగులుతో షికార్లు చేయకండి. బండి నడిపే మనిషే మానేస్తే ఏం చేయాలో కూడా ఒకసారి అనుకోండి, అద్దె బండికి డ్రైవర్ పేరు ముందే ఇవ్వాలి, ఆ పేరు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు.

మానేయాల్సి వచ్చింది మీకే అయితే, నాన్చకండి. అనుమానం వచ్చిన రోజే చెప్పండి, ఒక్కోసారి రెండు రోజుల తేడాలోనే మొత్తం రిఫండ్ చేజారిపోతుంది. చెప్పేటప్పుడు డబ్బు మాట మీరే ఎత్తండి. "నేను రాలేకపోతున్నాను. నా వాటా పంపేశాను, ఏదైనా వెనక్కి వస్తే చెప్పండి, బదులు ఎవరైనా దొరుకుతారేమో నేనూ చూస్తాను." ఈ మూడు ముక్కలు ఆ రోజు మా గ్రూప్‌లో పడి ఉంటే నేను అన్నిసార్లు టైప్ చేసి చెరిపేదాన్ని కాదు.

తిరిగొచ్చాక వారంలోపు లెక్క మూసేయండి. సెక్యూరిటీ డిపాజిట్ మర్చిపోకండి. అది ఖర్చు కాదు, ఇంట్లో ఏమైనా పగిలితే దాని కోసం పెట్టింది. రాని మనిషి ఏదీ పగలగొట్టలేదు కాబట్టి, డిపాజిట్‌లో కోత పడినా తన వాటా మొత్తం తనకు వెళ్లిపోవాలి, తను అడిగేదాకా ఆగకుండా.