మ్యూజియం లైబ్రరీకి వెళ్లేముందు టేపు తీయండి

"వీల్‌చైర్‌లో వస్తాం, వీలుంటుందా?" అని ఫోన్ చేస్తే "ఆఁ, రండి" అంటారు. ర్యాంపు ఉంటుంది కూడా. తీరా వెళ్లాక చదువుకునే బల్ల కిందికి మోకాళ్లు దూరవు. పక్కకి తిరిగి కూర్చుని చదివితే గంటకే నడుం పట్టేస్తుంది.

ఇంట్లోనే రెండు కొలతలు తీసుకోండి. చక్రం తిప్పే రింగుల ఒక బయటి అంచు నుంచి రెండో బయటి అంచు దాకా వెడల్పు ఒకటి, ఇది తలుపు కోసం. చేతుల కోసం దానికి 10 సెం.మీ. కలపండి. కుషన్ మీద కూర్చున్నాక నేల నుంచి మోకాలి పైదాకా ఎత్తు రెండోది. దానికి 3 సెం.మీ. కలపండి. ఆర్మ్‌రెస్టులు ఊడిరాని కుర్చీ అయితే వాటి ఎత్తే లెక్క. బల్ల కింద 70 సెం.మీ. ఖాళీ ఉంటే చాలామందికి సరిపోతుంది. ఫోన్‌లో ఈ అంకెలే చెప్పి, తలుపునీ బల్లనీ కొలవమనండి. బల్లయితే నేల నుంచి పైదాకా కాదు, పైచెక్క అడుగు దాకా; సొరుగుంటే సొరుగు అడుగు దాకా.

సాలార్‌జంగ్ మ్యూజియంలోలా రాతప్రతులు కూడా ఉన్న చోటయితే ఏవి చూడాలో ముందే రాసి పంపండి. అనుమతి, బల్ల రెండూ ఒకేసారి తేలతాయి.

లైబ్రరీ పై అంతస్తులో ఉంటే మాత్రం కొలతలొక్కటే చాలవు. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో బయల్దేరే రోజు పొద్దున్నే మళ్లీ కనుక్కోండి. బ్యాటరీ వీల్‌చైర్‌ని మనుషులు మోసి మెట్లెక్కిస్తామంటే ఒప్పుకోకండి, చాలా బరువు, ప్రమాదం.