వానాకాలంలో బ్రేకర్ పడిపోతూ ఉంటే

బ్రేకర్ పడిపోతోందని ఫోను చేసినవారిని నేను మొదట అడిగేది, ఏ మీట పడిందని. చాలామంది చూడరు. చూడకుండానే రెండుసార్లు మళ్లీ ఎత్తి, అప్పుడు ఫోను చేస్తారు. సన్నటి మీట ఎంసీబీ. అది పడితే లోడు ఎక్కువైందనో, షార్టయిందనో అర్థం. 'టి' బొత్తాం ఉన్న వెడల్పాటిది ఆర్‌సీసీబీ. అది పడితే కరెంటు ఎర్తులోకి కారుతోంది.

ఎంసీబీ సంగతి తొందరగా తేలుతుంది. ఎత్తగానే టప్పున పడితే షార్టు, కాసేపు ఆగి పడితే లోడు. రెండు గీజర్లు, ఒక ఇండక్షన్ పొయ్యి, తలా 2000 వాట్లు, ఒకే 16 ఆంపియర్ల లైను మీద నడిపితే 26 ఆంపియర్లు లాగుతాయి. పడక ఏం చేస్తుంది? అక్కడ 32 ఆంపియర్లది బిగించే మహానుభావులున్నారు. గోడలో వైరు కాలుతున్నా ఆ మీట చూస్తూ ఊరుకుంటుంది. లోడును వేరే లైన్లకు పంచండి.

ఆర్‌సీసీబీ అయితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్చి ఆపితే చాలదు, అది ఫేజును, అంటే కరెంటు వచ్చే వైరును, మాత్రమే తెంచుతుంది. అప్పుడు మీట నిలబడితే ఒక్కొక్కటే తగిలిస్తూ రండి. దొంగ సాధారణంగా గీజరు ఎలిమెంటో, నీళ్ల మోటారో అవుతుంది.

నన్ను ముప్పుతిప్పలు పెట్టినది వేరు. అమలాపురం దగ్గర ఒక ఇంట్లో అట్లతద్దికి పిండి రుబ్బుదామని గ్రైండరు వేస్తే చాలు, ఆర్‌సీసీబీ పడిపోయేది. గ్రైండరు విప్పి చూశాను, చుక్క లీకు లేదు. పక్కింటి గ్రైండరు తెచ్చి పెడితే అదీ పడేసింది. నాలుగు రోజులు ఎండ కాస్తే అంతా బాగుండేది, మళ్లీ ముసురు పట్టగానే మొదలు. చివరికి దొరికింది గేటు స్తంభం మీది లైటు దగ్గర. జంక్షన్ బాక్సులో వాననీళ్లు నిలిచి, టేపు చుట్టిన న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) జాయింటు ఎర్తు వైరుకు తగులుతోంది. ఆ లైటు ఎంసీబీని నెల క్రితమే దించేశారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

ఇంట్లో ఉండే ఒంటి పోలు ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, దాన్ని దించినా న్యూట్రల్ తెగదు. ఇంట్లో ఏదీ నడవనప్పుడు న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ దాదాపు ఉండదు కాబట్టి ఏమీ కాదు. గ్రైండరు తిరగగానే దాని తిరుగు కరెంటులో కొంత ఆ తడి దారిన ఎర్తులోకి జారుకుంటుంది. ఆర్‌సీసీబీ గుండా పోయే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, మీట పడుతుంది. నింద గ్రైండరు మీదికి పోతుంది.

పట్టుకోవాలంటే మెయినూ ఆర్‌సీసీబీ రెండూ దించి, బోర్డులో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే న్యూట్రల్ బార్‌లోని వైర్లన్నీ విప్పి, ఒక్కొక్కదానికీ ఎర్తుకూ మధ్య మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకు చూసే మీటరు) చూడాలి. తడి లీకు మామూలు మీటరుకు దొరక్కపోవచ్చు. ఈ పని వైర్‌మన్‌కే వదలండి. జాయింటు తీసేసి, బాక్సు మార్చి, వైరును కింది నుంచి ఎక్కిస్తే నీళ్లు లోపలికి పారవు.

బోర్డులో బల్లి, చీమలు, ఎలుక కొరికిన వైరు కూడా ఉంటాయి, తెరిస్తే కనబడతాయి. ఆర్‌సీసీబీయే పాడైందన్నది ఆఖరి మాట. దాని నుంచి ఇంట్లోకి పోయే వైర్లన్నీ విప్పినా నిలబడకపోతేనే మార్చండి.