పిల్ల గీసిన బొమ్మకు బడివాళ్లు డబ్బులడిగితే

విజయవాడ వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్లుగా పటాలు కట్టే షాపు నడుపుతున్నాను. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, దండ వేయడానికి పెద్దవాళ్ల ఫోటోలు. పదేళ్ల నుంచి బడుల ఆర్డర్లు కూడా వస్తున్నాయి. ఆర్ట్ ఎగ్జిబిషన్ పెట్టి, పిల్లల బొమ్మలకు ఫ్రేములు వేయించి, మళ్లీ ఆ పిల్లల అమ్మానాన్నలకే అమ్ముతారు. ఒక్కో ఆర్డరుకి రెండొందలు, మూడొందల ఫ్రేములు కట్టి ఇచ్చాను. అవి గోడ దిగేటప్పుడు ఏం జరుగుతుందో ఏనాడూ అడగలేదు. మొన్న సంక్రాంతికి ముందు మా అమ్మాయి ఫోన్ చేశాకే తెలిసింది.

"నాన్నా, పాప బొమ్మకి ఆరొందలు కట్టాలంట. కట్టకపోతే ఇవ్వరంట. అదేమో నా బొమ్మ ఎప్పుడు తెస్తావమ్మా అని రోజూ ప్రాణం తీస్తోంది."

మనవరాలు మూడో తరగతి. గీసింది ప్రకాశం బ్యారేజీ. మీ ఇంటికీ ఇలాంటి చీటీ వస్తే ఎలా నడుచుకోవాలో, మేం చేసిందీ, ముందే తెలిసుంటే చేసుండేదీ కలిపి చెబుతాను.

మొట్టమొదట, పిల్ల ఎదుట డబ్బు మాట ఎత్తకండి. "దీనికి ఆరొందలా!" అని మనం అనేది బడిని. పిల్లకి మాత్రం తన బొమ్మనే అన్నట్టు వినపడుతుంది. "నీ బొమ్మ ఇంటికి తెచ్చుకుందాం, నేను మాట్లాడతాను" అంటే చాలు. డ్రాయింగ్ మాస్టారి మీదకీ వెళ్లకండి. ధర పెట్టేది ఆయన కాదు, పిల్ల రేపు మళ్లీ ఆయన క్లాసులోనే కూర్చోవాలి.

ఆ తర్వాత, అడుగుతున్న డబ్బు దేనికో లెక్క తెలుసుకోండి. ఇది నా పని కాబట్టి విప్పి చెబుతాను. ఏఫోర్ కాగితం చుట్టుకొలత ఇంచుమించు 40 అంగుళాలు. అంగుళం వెడల్పు బీడింగు, అంటే ఫ్రేము చుట్టూ వచ్చే పట్టీ వేస్తే, మూలలు ఏటవాలుగా కోసి కలపడానికి ఇంకో 8 అంగుళాలు పోతుంది. మొత్తం నాలుగు అడుగులు. మామూలు సింథటిక్ బీడింగు నా దగ్గర అడుగు 18 రూపాయలు, అంటే 72. అద్దం చదరపు అడుగులో మూడింట రెండు వంతులు పడుతుంది, 28. వెనక అట్ట, పిన్నులు, కొక్కెం కలిపి 20. కూలి 50. నూట డెబ్బై. ఇది ఒక్కటే కట్టించుకునేవాళ్ల ధర, రెండొందల ఫ్రేములు ఒకేసారి అంటే ఇంకా తగ్గిస్తాను. మీ ఊరి ధర పక్క వీధిలో పటాలు కట్టేవాళ్లనడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు.

ఇంకో సంగతి. బడి ఆర్డర్లలో మౌంటు వెయ్యరు. బొమ్మకీ అద్దానికీ మధ్య ఎడం ఉంచే మందపాటి అట్టే మౌంటు. అది లేకపోతే క్రేయాన్ మైనం నేరుగా అద్దానికి ఆనుతుంది. మన ఎండలకి అది మెత్తబడి అద్దానికి అంటుకుపోతుంది. ఆరొందలు పోసి కొన్న ఫ్రేమే బొమ్మని పాడుచేస్తుందన్నమాట.

ఇక బొమ్మ ఎవరిది? ఇందులో తడబడొద్దు. మన కాపీరైటు చట్టం, ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే వచ్చింది. చిత్రలేఖనంలో కళ ఉన్నా లేకపోయినా అది కళాకృతేనని అందులో స్పష్టంగా రాసుంది. సెక్షన్ 17 ప్రకారం తొలి హక్కుదారు గీసిన మనిషే. ఆ మనిషికి ఎనిమిదేళ్లయినా సరే. కాగితం, రంగులు బడివే కావచ్చు, వాటి ఖరీదు అడిగితే ఇవ్వండి. బొమ్మ మీద హక్కు మాత్రం కాగితంతో పాటు బడికి పోదు. ఆ హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, అది సెక్షన్ 19. కాబట్టి పిల్లల బొమ్మల్ని కప్పుల మీదో, క్యాలెండర్ల మీదో అచ్చువేసి అమ్ముతామన్నా ముందు మిమ్మల్ని అడగాలి. అడ్మిషన్ ఫారాల్లో అలాంటి వాక్యం ఏమైనా ఉందేమో చదివి సంతకం పెట్టండి.

విద్యాహక్కు చట్టం పేరు చెప్పి బెదిరించమని కొందరు సలహా ఇస్తారు. జాగ్రత్త. 2009 నాటి ఆ చట్టంలో, బడి ప్రకటించిన ఫీజు కాక తీసుకునే ఏ చందా అయినా, చెల్లింపు అయినా కాపిటేషన్ ఫీజే అని ఉన్నమాట నిజం. కానీ సెక్షన్ 13లో నిషేధం పిల్లల్ని చేర్చుకునేటప్పటి వసూళ్ల గురించి. దాన్ని కర్రలా ఝళిపించకుండా, అందులోంచి ఒక ప్రశ్న తీసుకోండి: "ఈ డబ్బు మీరు ప్రకటించిన ఫీజులో ఉందా?"

ఫోన్లో వాదించొద్దు, కాగితం మీద పెట్టండి. మా అమ్మాయి ప్రిన్సిపాల్‌గారికి రాసిన ఉత్తరం ఇంతే: "మా పాప గీసిన బొమ్మను ఫ్రేము లేకుండా ఇప్పించగలరు. ఫ్రేము మాకు అవసరం లేదు. ఈ ఆరువందలు సంవత్సరారంభంలో ప్రకటించిన ఫీజుల్లో ఉన్నదీ లేనిదీ, రసీదు ఇచ్చేదీ లేనిదీ తెలుపగలరు. డబ్బు కట్టని పిల్లలందరి బొమ్మలూ ఆ పిల్లలకే ఇవ్వవలసిందిగా మనవి." రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసులో ముద్ర వేయించుకోండి.

ఆ చివరి వాక్యం మాత్రం వదలొద్దు. ఎగ్జిబిషన్ సాయంత్రం కొన్న బొమ్మలు వెళ్లిపోయాక, కొననివి గోడ మీద మిగిలిపోతాయి. కింద పేర్లుంటాయి. ఎవరింట్లో డబ్బు లేదో క్లాసంతా చదువుతుంది. మనం ఆరొందలు పారేసి మన పిల్ల బొమ్మ తెచ్చుకోగలం, కానీ ఆ గోడ అలాగే ఉంటుంది. క్లాసు తల్లులు నలుగురైదుగురు కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెడితే ఇంకా బలం. ఒప్పుకోకపోతే అదే కాపీ జతచేసి మండల విద్యాశాఖాధికారికి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వండి. ప్రైవేటు బడుల ఫీజుల సంగతి చూడడానికి 2019 చట్టంతో ఏర్పడిన పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కూడా ఉంది.

ఏ ప్రభుత్వ బడో లైబ్రరీ కోసం బొమ్మలు పెట్టి, ఇష్టమైనవాళ్లు ఇష్టమైనంత వేయండి, ఎలాగూ బొమ్మలు పిల్లలవే అంటే, సంతోషంగా వేయండి. నేనూ వేస్తాను.

మాకు అంతదూరం వెళ్లాల్సిన పని పడలేదు. మూడో రోజు రమ్మన్నారు. అమ్మాయితో నేనూ వెళ్లాను. ఫ్రేము విప్పేవాళ్లు లేరంటే, జేబులో కటింగ్ ప్లేయర్ ఉంది, నేనే పిన్నులెత్తాను. ఎవరో నాలాంటి వాడే కట్టాడు, మౌంటు లేదు. అద్దం ఎత్తితే ఆకాశంలో గోరంత నీలం దానికే ఉండిపోయింది. బొమ్మలో ఇరవై మూడు గేట్లు గీసేసరికి కాగితం అయిపోయింది. షీటు వెనక్కి తిప్పాను. మిగతా నలభై ఏడు గేట్లూ వెనక ఉన్నాయి, సీతానగరం కొండతో సహా. వాళ్ల నాన్న స్కూటర్ మీద వెళ్తూ లెక్కపెట్టిందట. ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు సవరించుకుని రెండు వైపులా చూశారు. మిగిలిన బొమ్మలు కూడా పిల్లలకిచ్చి పంపమని అక్కడే చెప్పారు.

బొమ్మ ఇంటికొచ్చాక ముందు ఫోన్‌తో ఫోటో తీయండి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, వెనకవైపు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ నుంచి తడిసి ముద్దైన పటాలు నా షాపుకి ఎన్నొచ్చాయో. బాగుచేయలేనివే ఎక్కువ. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి క్రేయాన్ కరుగుతుంది, ఒకసారి వేశాక తీయడం కుదరదు. సెల్లోటేపు పచ్చబడి మరక పడుతుంది. మైదా జిగురుకి పురుగు పడుతుంది. దాచేవి బటర్ పేపర్ మధ్య పెట్టి, బల్లపరుపుగా, నేలకి ఎత్తుగా ఉంచండి. గోడకి పెట్టేవి ఎండ తగలని చోట. స్కెచ్ పెన్ రంగులు అన్నిటికన్నా ముందు వెలిసిపోతాయి.

బ్యారేజీకి రెండువైపులా మౌంటు, రెండువైపులా అద్దం వేసి కట్టాను. గోడకి కొట్టలేదు. హాల్లో అల్మరా మీద స్టాండుకి నిలబెట్టాం. ఆదివారం ఆదివారం మనవరాలు దాన్ని రెండో వైపుకి తిప్పుతుంది.